మూడు గీతల తర్వాత నా పేరు

పదిన్నరకు మొదలన్నారు, పదకొండు కావస్తోంది, గని కంపెనీ ఆఫీసరు ఇంకా రాలేదు, రంజిత్ మాత్రం స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతూ మైకు తట్టి చూస్తున్నాడు, హలో హలో అంటున్నాడు, అను, ఎన్నిసార్లయినా అను, ఇంకో గంటకు నీ నోట మాట రాదు, వెనక నుంచి రెండో వరుసలో ఫ్యాను కింద నేను కూర్చున్నది అది చూడటానికే. దీనికోసమే చీకటితో లేచి కరీంనగర్‌లో బస్సెక్కాను, మంచిర్యాలలో దిగి ఇంకో బస్సు పట్టుకుని బెల్లంపల్లి వచ్చాను, కమ్యూనిటీ హాలు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, నేను పుట్టి పెరిగిన క్వార్టర్లు దీని వెనకే. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చేతులు కట్టుకుని నవ్వుతున్న రంజిత్, కింద ‘గని కార్మికుల కాగితాల భాండారం, రూపకర్త: రంజిత్’ అని ఎర్రటి అక్షరాలు. రూపకర్తట. ఆ మాటను అప్పటి నుంచి నములుతూనే ఉన్నాను, మింగుడుపడటం లేదు.

నాలుగు నెలలు క్వార్టరు క్వార్టరుకూ తిరిగింది నేను. స్కానరు చంకలో పెట్టుకుని, సందుగ పెట్టెల అడుగు నుంచీ దేవుడి పటాల వెనక నుంచీ బియ్యం డబ్బాల్లోంచీ తీసిచ్చిన కాగితాలను, దవాఖాన చీటీలు, మస్టరు కార్డులు, పాత ఫోటోలు, బొగ్గు వేలిముద్రలు పడ్డ అర్జీలు, ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. పదకొండు వేల పైచిలుకు. ఇంటికో ఫోల్డరు, ఆ ఇంటామె పేరుతో, తెలుగులోనే, ఎందుకంటే మొగుళ్ళ పేర్లు ఈ కాలనీలో అంత నమ్మదగ్గవి కావు, ఆ సంగతి తర్వాత. ఈ నాలుగు నెలలూ రంజిత్ కరీంనగర్‌లో, మంకమ్మతోట మేడ మీది మూడు గదుల ఆఫీసులో, ఏసీ కింద కూర్చుని, యాడిదాక అచ్చింది భూమికా అని ఫోన్ చేసేవాడు. వాడి రూపకర్తృత్వం అంతే.

కాగితాలు దాచిపెట్టడం ఎవరైనా చేస్తారు, పిలిస్తే పలకాలి కదా. పట్టికలో పేరు మీద నొక్కితే ఆ కాగితం తెర మీదికి రావాలి. కంప్యూటర్లో ఫైలుకు ఒక దారి ఉంటుంది, ఈ ఫోల్డరులోంచి ఆ ఫోల్డరులోకి, అక్కడి నుంచి దాని పక్కదానిలోకి అని, మా కాలనీలో ఇల్లు చెప్పినట్టు, పంపు కాడికెళ్లి మూడో లైను, కిరాణా దాటినంక రెండో ఇల్లు. పంపు దగ్గర నిలబడ్డవాడికే అది పనికొస్తుంది. బ్రౌజరు అలా వినదు, వెబ్‌సైటుకు ఉన్నట్టు దానికి మొదటి నుంచి చివరి దాకా పూర్తి చిరునామా కావాలి, ముందు ఫైల్ అనే మాట, పైనా కిందా రెండు చుక్కలు, మూడు ఏటవాలు గీతలు, ఆ తర్వాత డ్రైవు, ఫోల్డరు, దానిలో ఫోల్డరు. మధ్యలో ఖాళీ వస్తే దానికో గుర్తు, తెలుగక్షరం వస్తే దానికి ఇంకెన్నో, పోశవ్వ అనే ఇంత చిన్న పేరు ఆ చిరునామాలో పద్దెనిమిది ముక్కలవుతుంది, ఒక్క ముక్క తప్పినా కాగితం దొరకదు. దారులన్నిటినీ చిరునామాలుగా మార్చే ఆ నలభై వరుసల ప్రోగ్రాం రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు మొట్టమొదట నొక్కి చూసింది పోశవ్వ పేరునే, మా వెనక లైనులోని పోశవ్వ పెద్దవ్వ పేరును, వాళ్ళాయన వేలిముద్ర తెర మీద ఇంత పెద్దగా తెరుచుకుంటే ఆఫీసులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

మొదట్లో నేనూ ఒక తెలివితక్కువ పని చేశాను. చిరునామా మొదటి భాగాన్ని చేత్తో రాసి పెట్టాను, డి డ్రైవు, భూమిక, కాగితాలు అని, నా డెస్కు మీది కంప్యూటర్లో అవి ఉన్నది అక్కడే కాబట్టి. తర్వాత బుద్ధొచ్చి దిద్దుకున్నాను, ఫోల్డరును తీసుకుపోయి ఏ మిషన్లో పెట్టినా తానున్న చోటు తానే చూసుకుని అక్కడి నుంచి చిరునామా కట్టుకునేలా. అలా దిద్దిన వారానికి రంజిత్ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. “బెల్లంపల్లి ప్రోగ్రాం నేనొక్కన్నే జూసుకుంట గని,” అన్నాడు, “నువ్వు స్టేజెక్కి బుగులువడితే కార్మిక సంఘమోళ్ల ముంగట మన ఇజ్జత్ పోతది. పనైతే ఒడిసింది గదా, ఇగ వచ్చే నెలకెళ్లి వేరే కాడ జూసుకో. ఫికర్ జెయ్యకు, మంచిగ చేసినవని ఎవలడిగినా చెప్త.” సరే సార్ అన్నాను. నా నోటితో నేనే సరే సార్ అన్నాను, ఆ రెండు మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బయటికొచ్చి డెస్కు ముందు కూర్చుని, దిద్దిన వరుసను తీసేసి పాత వరుసను పెట్టాను. ఒక్క వరుస. ఆ కంప్యూటర్లో అది బ్రహ్మాండంగా నడుస్తుంది. సాయంత్రం రంజిత్ వచ్చి మూడు పేర్లు నొక్కి చూశాడు, మూడూ తెరుచుకున్నాయి, శబాష్ అన్నాడు. మొదటి పేజీలో, ఫ్లెక్సీలో, కరపత్రంలో నా పేరు లేదు, కాని ప్రతి కాగితం చిరునామాలోనూ ఉంది, మూడు గీతల తర్వాత, డి తర్వాత, భూమిక, పదకొండు వేల సార్లు. వాడి లాప్‌టాప్‌లో డి డ్రైవే లేదు.

అప్పటి నుంచి పంతొమ్మిది రోజులుగా ఈ గంటనే తలచుకుంటున్నాను. స్నానం చేస్తూ తలచుకున్నాను, బట్టలు పిండుతూ తలచుకున్నాను, చొక్కా కాలరును వాడి మెడనుకుని పిండాను. వాడు నిన్న అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని మొదటి పేజీ తెరిచి, పట్టిక వచ్చింది కదా అని మూసేసి ఉంటాడు, వాడి బద్ధకం నాకు తెలుసు. ఆఫీసరు ముందు ఒక పేరు నొక్కుతాడు, రాదు, ఇంకోటి నొక్కుతాడు, రాదు, కర్చీఫు తీసి మెడ తుడుచుకుంటాడు, నెట్ స్లో ఉంది సార్ అంటాడు, దీనికి నెట్టే అక్కర్లేదని కూడా తెలియని రూపకర్త. అప్పుడు నేను లేస్తాను. గబగబా పోను, మెల్లగా నడుస్తాను, జరుగు రంజిత్ అంటాను, సార్ అనను, ఒక్క నిమిషంలో బాగుచేసి చూపిస్తాను. ఈ చుడీదారు కూడా అందుకే ఇస్త్రీ చేయించాను.

“గీడ ఎవలన్న ఉన్నరా?” అని ఎవరో భుజం తడితే ఉలిక్కిపడ్డాను. పోశవ్వ పెద్దవ్వ. బట్టసంచి నా పక్క కుర్చీలో పెట్టి, నన్ను పోల్చుకుని, రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. “ఓ మా భూమికా, నువ్వే వస్తవని నాకెర్కే. నీ పనే గదనే గిదంత.” నీ పనే అని ఈ హాల్లో అన్నది ఈమె ఒక్కతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గేసి ఫ్యాను వైపు చూశాను. “నువ్వేంది పెద్దవ్వా, ఇట్లొచ్చినవ్?” అంటే, సంచిలోంచి పాస్‌పోర్టు ఫోటోలు, ఆధార్ జిరాక్సులు తీసి చూపించింది. “ఇయ్యాల ఆఫీసరు మారుపేరు కేసులు గిన్నే జూస్తడట గదా, మీ కంపూటర్ల కాయితం కనవడితె కనవడ్డట్టు, లేకుంటె కేసు బందు వెడ్తడట. మా పిలగాడు సాయిచంద్‌కు వచ్చే నెలకు నౌకరి వయసు దాటిపోతది బిడ్డా. ఇగ గిదే ఆఖరు.”

మారుపేరు కేసులు చూసే క్యాంపు కూడా ఇవాళే అని నాకెవరూ చెప్పలేదు. కరపత్రంలో ప్రదర్శన అనే ఉంది. కాగితం అసలుది తెచ్చుకున్నావా అని అడిగాను. “అసలుదేడిదే, మొన్నటి వానలకు సందుగలకు నీళ్ళు వచ్చె, ఎండకు వెడితె పొడి పొడాయె. ఏడ్వలే నేను. భూమిక ఫోటువ దీసుకపోయింది గదా, దాని కాడ భద్రంగున్నదని ఊకున్న.” అని నా చెయ్యి నొక్కి, సంచిలోంచి ఒక మక్కగారె తీసి, తిను, పొద్దుగాల ఏమన్న తిన్నవో లేదో అంది. తిన్నాను. ఎలా మింగానో తెలియదు.

మారుపేరు సంగతి ఈ కాలనీ బయట చెబితే నమ్మరు. పోశవ్వ మొగుడు హనుమండ్లు. జైనూర్ అడవుల అవతలి ఊరి నుంచి పంతొమ్మిదేళ్ళ వయసులో పనికొచ్చాడు. అంతకు ముందే రాజేశం అనే మనిషికి గనిలో ఉద్యోగం వచ్చింది, వచ్చి ఒక్క పూట లోపలికి దిగి, పైకొచ్చి, ఆ చీకటి చూసి జడుసుకుని పారిపోయాడు. వాడి కార్డు పట్టుకుని హనుమండ్లు దిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు దిగుతూనే ఉన్నాడు. మస్టరులో రాజేశం అని పిలిస్తే హాజర్ అనేవాడు, ఇంటికొచ్చి హనుమండ్లు అయ్యేవాడు. ఇలాంటివాళ్ళు మా నాలుగు లైన్లలోనే ఏడుగురు ఉండేవారు. చిన్నప్పుడు ఒకసారి నేను గని గేటు దగ్గర, పెద్దబాపూ హనుమండ్ల పెద్దబాపూ అని అరిస్తే ఆయన వెనక్కి తిరగలేదు, వినబడనట్టే పోయాడు, ఇంటికొచ్చాక నాకు బెల్లం ముక్క పెట్టి, అక్కడ నేను గా మనిషిని కాదు బిడ్డా అన్నాడు. డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. కంపెనీ లెక్కలో చచ్చిపోయింది రాజేశం, కొడుకు హనుమండ్లు కొడుకు, ఇక ఆ కొడుకుకు తండ్రి ఉద్యోగం ఎలా ఇస్తారు. అందుకే ఆయన బతికుండగానే, పిల్లలు పుట్టాక, ఐదుగురు సాక్షుల్ని కూర్చోబెట్టి రాయించిన పంచనామా ఒకటుంది. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని తెలిసీ రాయించాడు. ఐదుగురిలో మా బాపు ఒకడు. ఆ కాగితాన్నే నేను అరచేత్తో సాపు చేసి స్కాన్ చేశాను, దాని చిరునామానే నేను చేతులారా చెడగొట్టాను.

లేవాలి, ఇప్పుడే లేచి స్టేజీ దగ్గరికి పోయి రంజిత్‌తో, ఆ వరుస తప్పు, మార్చుకో అని చెవిలో చెప్పాలి, ఎంతసేపు, అర నిమిషం. లేవలేదు నేను. చెవిలో చెబితే ఇక ఏముంది, వాడు మైకు పట్టుకుని నవ్వుతాడు, పదకొండు వేల కాగితాలు టపటపా తెరుచుకుంటాయి, శాలువా కప్పుతారు, మడతపెట్టిన శాలువా టేబుల్ మీద కనబడుతూనే ఉంది, ఆకుపచ్చది. పంతొమ్మిది రోజుల నా కోపం ఏమైపోవాలి. ముందు ఓడిపోనీ, తర్వాత లేస్తాను, పోశవ్వ కాగితం పది నిమిషాలు ఆలస్యమవుతుంది అంతే కదా, ఇన్నేళ్ళు ఆగింది పది నిమిషాలు ఆగదా. ఇలా నాకు నేను నచ్చచెప్పుకుంటుంటే పక్కన ఆమె ఆధార్ జిరాక్సుల చివరలు వంగిపోయాయని చీర కొంగుతో సరిచేస్తోంది. నేను ఆమె వైపు చూడటం మానేశాను.

ఆఫీసరు వచ్చాడు. కళ్ళద్దాలు, చేతిలో కేసుల కట్ట, కూర్చోకుండానే వాచీ చూసుకున్నాడు. “నేను కాగజ్‌నగర్ పోవాలె, పావుగంటే ఉన్నది, ఉపన్యాసాలొద్దు, కాగితాలు చూపియ్యండి,” అన్నాడు. రంజిత్ మొహంలో ఉపన్యాసం ఆరిపోయింది, నాకు కడుపు నిండినంత పనయింది. తెర మీద పట్టిక వచ్చింది, నా పట్టిక, నా నాలుగు నెలలు. మొదటి కేసు ఎవరిది అన్నాడు ఆఫీసరు, కట్ట విప్పి. పోశవ్వ, వైఫాఫ్ రాజేశం.

ఆమెదే మొదటిది కావాలా. ఆమె లేచి నిలబడింది, పిలిస్తే నిలబడాలని ఎవరో చెప్పినట్టుంది, బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది. రంజిత్ నొక్కాడు. తెల్లటి పేజీ వచ్చింది, మధ్యలో చిరిగిన కాగితం బొమ్మ. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. ఆ పేజీలో ఏం రాసి ఉంటుందో నాకు తెలుసు, ఫైలును ఎవరో జరిపి ఉండవచ్చు, మార్చి ఉండవచ్చు, తుడిచేసి ఉండవచ్చు, దాని పైన చిరునామా, గోడంత అక్షరాల్లో, మూడు గీతలు, డి, భూమిక. నా పేరు. ఇంత పెద్దగా నా పేరును నేనెప్పుడూ చూడలేదు. రంజిత్ కర్చీఫు తీశాడు, నేను అనుకున్నట్టే మెడ తుడుచుకున్నాడు, నెట్ జర స్లో ఉన్నట్టున్నది సార్ అన్నాడు, అచ్చం నేను అనుకున్నట్టే అన్నాడు, నవ్వొచ్చింది, పక్కన ఆమె నిలబడి ఉందని తెలిసీ ఒక్క క్షణం నవ్వొచ్చింది, దాచను.

“తుడిచేసి ఉండవచ్చని వస్తున్నది,” ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. “భూమిక ఎవరు?”

రంజిత్‌కు ఆ పేరు తాడులా దొరికింది. “మా దగ్గర పనిచేసిన పిల్ల సార్,” అన్నాడు వెంటనే. “మొన్ననే తీసేసిన. కోపంతోని ఫైళ్లు ఖరాబ్ చేసి పోయినట్టున్నది. నేను అప్పుడే అనుకున్న.” హాలంతా గుసగుసలు. ఆఫీసరు పెన్ను తీసి కట్ట మీది మొదటి కాగితంపై ఏదో రాయబోయాడు, ఒకసారి వాచీ చూసుకున్నాడు. పోశవ్వ పెద్దవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో, అదే నన్ను నిలబెట్టింది. “బిడ్డా,” అంది, “మా ఆయన కాయితం పోయిందా?”

ఎలా నడిచానో నాకు తెలియదు. మెల్లగా నడుస్తానని కదా అనుకున్నది, పరుగెత్తాను, ఎవరి కాలో తొక్కాను. జరుగు అన్నాను, రంజిత్ జరిగాడు. ప్రోగ్రాం తెరిచాను, ఆ వరుస ఎక్కడుందో వెతకక్కర్లేదు. వేళ్ళు కీల మీద పెట్టాక ఆగాను. ఫోల్డరు తానున్న చోటు తానే చూసుకుంటే ఎక్కడున్నానని చెబుతుంది, ఈ లాప్‌టాప్‌లో, సి డ్రైవులో, రంజిత్ అనే ఫోల్డరులో. పదకొండు వేల చిరునామాల్లోంచి భూమిక పోయి రంజిత్ వచ్చి కూర్చుంటాడు. నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. వేరే దారి లేదా అని బుర్ర పరుగెత్తింది, నా పేరుతో కొత్త ఫోల్డరు చేసి కాగితాలన్నీ అందులోకి తెస్తే, అన్ని వేల కాగితాలు, ఎంతసేపవుతుందో, ఆఫీసరు పెన్ను మూత ఇంకా తీసే ఉంది. పాత వరుస తీసేశాను, దిద్దిన వరుస రాశాను, నడిపాను. తెర మీద చిరునామాలు పైనుంచి కిందికి జారిపోతూ మారాయి, రంజిత్, రంజిత్, రంజిత్, రంజిత్. ఎనిమిది సెకన్లు. పళ్ళు కొరుక్కుంటూ చూశాను.

పోశవ్వ పేరు మీద నొక్కాను. వచ్చింది. పసుపు పచ్చబడ్డ కాగితం, మడతల దగ్గర నా అరచెయ్యి సాపు చేసిన గీతలు, వేలిముద్ర, కింద ఐదు సంతకాలు, మూడోది మా బాపుది, వంకర. ఆఫీసరు పైకే చదివాడు. “నేను హనుమండ్లును. రాజేశం పేరు మీద ఇన్నేండ్లు గనిల పని చేసింది నేనే. తప్పయితే తప్పు నాదే, పని కూడా నాదే. భయంతో ఇన్ని దినాలు చెప్పలేదు.” చదివి, తలూపి, కట్టలోని మొదటి కాగితం మీద రాసుకుని సంతకం పెట్టాడు. పెట్టాక రంజిత్ వైపు చూసి, “మంచి పని చేసిండ్రు రంజిత్ గారూ,” అన్నాడు. రంజిత్ నవ్వి, మా టీం సార్ అన్నాడు. ఆ ఆకుపచ్చ శాలువా వైపు ఎవరో నడిచారు.

మైకు వాడి చేతిలోనే ఉంది, లాక్కున్నాను. “సార్, గా తప్పు వెట్టింది నేనే. నా పేరు దీసేసిండని కోపంతోని పంతొమ్మిది దినాల కింద నేనే వెట్టిన. ఈయనకు దొరకలే, ఎట్ల దొరుకుతది, రాసింది ఈయన గాదు. ఇండ్లిండ్లు తిరిగింది నేను, రాసింది నేను, చెడగొట్టింది నేను, బాగుచేసింది నేను.” శాలువా పట్టుకున్నవాడు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు. రంజిత్ మెడ మళ్ళీ తుడుచుకున్నాడు. ఇదే నేను కోరుకున్నది, అచ్చం ఇదే, కోరుకున్నట్టే జరిగింది, నాకు హాయిగానే ఉంది, ఉందనే చెబుతాను. రెండో కేసు అన్నాడు ఆఫీసరు, నా వైపు చూస్తూ, నొక్కమ్మా. తొమ్మిది కేసులూ నేనే నొక్కాను.

తిరిగి నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పోశవ్వ పెద్దవ్వ ఆధార్ జిరాక్సులు సంచిలో సర్దుకుంటోంది. నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. సంచిని నా కుర్చీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, కొంతసేపు దాని మడతలు సరిచేసింది.

“నేను పొద్దుగాల నీ పక్కకు గూసున్నప్పుడు,” అంది, “నీకు ఎర్కేనా బిడ్డా, మా ఆయన కాయితం రాదని?”

“ఎర్కే పెద్దవ్వా,” అన్నాను.